పైథాన్ లైబ్రరీలు ఎక్కడ ఇన్‌స్టాల్ అవుతాయి? విండోస్, ఉబుంటు, మ్యాక్, నోట్‌బుక్‌లలో కనుక్కునే పద్ధతి

మీరు అడిగింది ఇది: ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్ ఉంది, కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు, ప్రాజెక్టు భాగస్వామి దగ్గర మ్యాక్. మూడు చోట్లా డేటా విశ్లేషణకు వాడే పాండాస్ లైబ్రరీని ఇన్‌స్టాల్ చేశారు. మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటే, లైబ్రరీలను దింపి పెట్టే పనిముట్టు పిప్ ‘ఇప్పటికే ఉంది’ అంటోంది. ప్రోగ్రామ్ నడిపితే మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్, అంటే లైబ్రరీ దొరకలేదన్న తప్పు, వస్తోంది. ఏ సిస్టమ్‌లో ఏ ఫోల్డర్‌లో పడుతుందో జాబితా ఇస్తే వెళ్లి చూసుకుంటానన్నారు. ఇంటర్నెట్ సరిగా లేని ల్యాబ్‌కు ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో మోసుకుపోవచ్చా అని కూడా అడిగారు.

జాబితా ఇస్తాను కానీ ముందు చెప్పవలసింది వేరే ఉంది. మీ పిప్ అబద్ధం చెప్పడం లేదు, మీ ప్రోగ్రామూ చెప్పడం లేదు. రెండూ రెండు వేర్వేరు పైథాన్ల సంగతి చెబుతున్నాయి. కంప్యూటర్‌లో పైథాన్ ఒక్కటే ఉంటుందనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తుంది. కొన్నాళ్లు వాడిన ల్యాప్‌టాప్‌లో వెతికితే మూడో నాలుగో బయటపడతాయి: పైథాన్ సైటు నుంచి దింపుకున్నది ఒకటి, మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చింది ఒకటి, పైథాన్‌ను, లైబ్రరీలను కలిపి ఇచ్చే అనకొండతో వచ్చింది ఒకటి, ఎప్పుడో ఒక్క ప్రాజెక్టు కోసమే విడిగా చేసుకున్న పైథాన్ ఫోల్డర్ (వెన్వ్) ఒకటి. వాటాల ఇంట్లో నాలుగు కాపురాలున్నట్టే, ఎవరి వంటగది వారిది. పక్క వాటాలో కందిపప్పు ఉన్నంత మాత్రాన మన పొయ్యి మీద పప్పు ఉడకదు. అందుకని పాండాస్ ఎక్కడుందని కంప్యూటర్‌ను అడిగి లాభం లేదు. తప్పు ఏ పైథాన్ దగ్గర వస్తోందో ఆ పైథాన్‌నే అడగాలి.

అడిగే పద్ధతి చెబుతాను. ఇక్కడ ఆదేశాలను, ఫోల్డర్ పేర్లను పలికినట్టు తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు మాత్రం మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి. ఆదేశాలన్నీ చిన్న అక్షరాలే.

తప్పు వస్తున్న ప్రోగ్రామ్‌లోనే, అన్నిటికన్నా పైన, ఈ రెండు వరుసలు పెట్టి నడపండి:

ఇంపోర్ట్ సిస్
ప్రింట్(సిస్.ఎగ్జిక్యూటబుల్)

ఇప్పుడు మీ కోడ్‌ను నడుపుతున్న పైథాన్ ఏదో దాని పూర్తి చిరునామా వస్తుంది. తరవాత టెర్మినల్‌లో ఆ చిరునామానే ముందు పెట్టి, దాని వెనక ఇలా కొట్టండి:

-ఎం పిప్ షో పాండాస్

జవాబులో ‘లొకేషన్’ అన్న వరుస ఉంటుంది. మీరు వెతుకుతున్న ఫోల్డర్ అదే. పాండాస్ లేదని హెచ్చరిక వస్తే ఆ పైథాన్ దగ్గర అది నిజంగానే లేదు. అదే చిరునామాతో ‘-ఎం పిప్ ఇన్‌స్టాల్ పాండాస్’ అనండి, పని అయిపోతుంది. చాలామందికి ఇక్కడితోనే సరిపోతుంది. తక్కినది సరిపోని వారి కోసం, కారణం తెలుసుకోవాలనుకునే వారి కోసం.

‘పైథాన్ -ఎం పిప్’ అని ఎందుకు, నేరుగా ‘పిప్’ అంటే పోదా అని అడుగుతారు. పిప్ అన్నది విడి ఆదేశం. ఆదేశాల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల జాబితాలో, అంటే పాత్‌లో, ఆ పేరుతో ఏ ఫైలు ముందు తగిలితే అది నడుస్తుంది. అది మీ పైథాన్‌కు చెందినదే అయి ఉండాలని నియమమేమీ లేదు. -ఎం అన్నప్పుడు మాత్రం ముందు పేర్కొన్న పైథాన్ తన సొంత పిప్‌నే పిలుస్తుంది. అనుమానం ఉంటే ‘పిప్ --వెర్షన్’ అని కొట్టి చూడండి. తన వెర్షన్‌తో పాటు తాను ఏ ఫోల్డర్‌లో ఉందో, ఏ పైథాన్‌కు చెందినదో ఒకే వరుసలో చెబుతుంది. ఇంత ఉపయోగపడే వరుసను జనం ఎందుకు చదవరో నాకు అర్థం కాదు.

ఇంపోర్ట్ అన్నప్పుడు పైథాన్ ఎక్కడెక్కడ వెతుకుతుందో సిస్.పాత్ అనే జాబితాలో ఉంటుంది. టెర్మినల్‌లో ‘పైథాన్ -ఎం సైట్’ అంటే ఆ జాబితాతో పాటు యూజర్ ఫోల్డర్ (మీ ఒక్క ఖాతాకే చెందిన లైబ్రరీల చోటు) ఏదో, అది వాడుకలో ఉందో లేదో కూడా చూపిస్తుంది. జాబితాలో వరుస ముఖ్యం. ముందు మీ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్, తరవాత పైథాన్‌పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఏమైనా ఉంటే అవి, ఆ తరవాత పైథాన్ సొంత లైబ్రరీ, చివరికి ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీలు ఉండే సైట్-ప్యాకేజెస్ అనే ఫోల్డర్. ముందు దొరికినదే గెలుస్తుంది. అభ్యాసం కోసం రాసిన ఫైలుకు పాండాస్.పీవై అనో ర్యాండమ్.పీవై అనో పేరు పెట్టిన వాళ్లకు అసలు లైబ్రరీ ఎప్పటికీ అందనిది ఇందుకే. పైథాన్ తన పక్కనే ఉన్న ఆ ఫైలునే తెరిచి, అందులో పాండాస్‌కు చెందిన డేటాఫ్రేమ్ లేదని ఫిర్యాదు చేస్తుంది. 3.13 వెర్షన్ నుంచి, మీ ఫైలు పేరే అడ్డుపడుతుండవచ్చని తప్పు సందేశంలోనే సూచన ఇస్తోంది. అంతకు ముందు వెర్షన్లలో ఆ సౌకర్యం లేదు. ఇంపోర్ట్ అయింది కానీ ఎక్కడి నుంచి అయిందో తెలియాలంటే:

పైథాన్ -సి "ఇంపోర్ట్ పాండాస్; ప్రింట్(పాండాస్.__ఫైల్__)"

నిజంగా లోడ్ అయిన ఫైలు చిరునామా వస్తుంది. సిస్ లాంటివి ఇంటర్‌ప్రెటర్‌లోనే కలిసి ఉంటాయి కాబట్టి వాటికి __ఫైల్__ ఉండదు, అది చూసి కంగారు పడకండి.

పేర్ల తిరకాసు ఒకటుంది, అదీ ఇక్కడే చెప్పేస్తాను. పిప్‌కు తెలిసిన పేరు ఒకటి, ఇంపోర్ట్‌లో వాడే పేరు మరొకటి కావచ్చు. ఓపెన్‌సీవీ-పైథాన్ ఇన్‌స్టాల్ చేస్తే ఇంపోర్ట్ చేసేది సీవీ2. పిల్లో అయితే పీఐఎల్, సైకిట్-లెర్న్ అయితే ఎస్‌కేలెర్న్, బ్యూటిఫుల్‌సూప్4 అయితే బీఎస్4. ‘పిప్ షో సీవీ2’ అంటే లేదనే చెబుతుంది, ఫోల్డర్‌లో మాత్రం సీవీ2 కళ్లెదుటే ఉంటుంది. పక్కనే పేరు చివర ‘డిస్ట్-ఇన్ఫో’ అని ఉన్న ఫోల్డర్ కనిపిస్తుంది, పిప్ చూసేది దాన్నే. అందులోని రికార్డ్ అనే ఫైలులో ఆ లైబ్రరీకి చెందిన ప్రతి ఫైలు పేరూ ఉంటుంది. పిప్ అన్‌ఇన్‌స్టాల్ ఆ చిట్టా చూసే చెరుపుతుంది. అందుకే సైట్-ప్యాకేజెస్‌లోకి వెళ్లి చేత్తో ఫోల్డర్లు డిలీట్ చేయకండి. సగం పోయి సగం మిగిలితే, డిస్ట్-ఇన్ఫోను చూసి పిప్ ఉందంటుంది, ఇంపోర్ట్ లేదంటుంది.

ఇక సిస్టమ్‌ల వారీగా చూద్దాం.

విండోస్‌లో పైథాన్ సైటులోని మామూలు ఇన్‌స్టాలర్‌ను డిఫాల్ట్‌గా వదిలేస్తే, 3.12 వెర్షన్ ఇక్కడ కూర్చుంటుంది:

సి:\యూజర్స్\మీ పేరు\యాప్‌డేటా\లోకల్\ప్రోగ్రామ్స్\పైథాన్\పైథాన్312

లైబ్రరీలు దాని లోపల లిబ్\సైట్-ప్యాకేజెస్‌లో ఉంటాయి. యాప్‌డేటా దాచిన ఫోల్డర్. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించక చాలామంది ఇన్‌స్టాలే కాలేదనుకుంటారు. దాచినవి చూపించే ఎంపికను టిక్ చేయండి, లేదా చిరునామా పట్టీలో %లోకల్‌యాప్‌డేటా% అని కొట్టండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యూజర్లందరికీ అని ఎంచుకుంటే పైథాన్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్తుంది. అప్పుడు ఒక మలుపు ఉంది. ఆ ఫోల్డర్‌లో రాయడానికి మామూలు యూజర్‌కు అనుమతి ఉండదు. 2020లో వచ్చిన పిప్ 20.0 నుంచి, అనుమతి లేకపోతే పిప్ ఆగిపోకుండా యూజర్ ఫోల్డర్‌లో పెట్టేస్తుంది. ఆ మాట ఒక వరుసలో చెబుతుంది కూడా, ఎవరూ చదవరు. ఆ యూజర్ ఫోల్డర్ ఇది: యాప్‌డేటా\రోమింగ్\పైథాన్\పైథాన్312\సైట్-ప్యాకేజెస్. లోకల్ కాదు, రోమింగ్.

మైక్రోసాఫ్ట్ స్టోర్ పైథాన్ సంగతి వేరు. దాని అసలు ఫోల్డర్‌లో ఎవరూ రాయలేరు. మీరు ఇన్‌స్టాల్ చేసే లైబ్రరీలు యాప్‌డేటా\లోకల్\ప్యాకేజెస్ కింద, పైథాన్‌సాఫ్ట్‌వేర్‌ఫౌండేషన్ అని మొదలయ్యే పొడవాటి పేరున్న ఫోల్డర్‌లో, లోకల్‌క్యాష్\లోకల్-ప్యాకేజెస్ లోపల పడతాయి. ఊహించి చేరుకోగలిగిన చోటు కాదు. పిప్ షో అడగడమే మార్గం. 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఇంకో విచిత్రం ఉంది. పైథాన్ ఇన్‌స్టాల్ చేయని విండోస్‌లో కూడా పైథాన్ అనే ఆదేశం ఉంటుంది, కొడితే స్టోర్ తెరుచుకుంటుంది. యాప్‌డేటా\లోకల్\మైక్రోసాఫ్ట్\విండోస్‌యాప్స్‌లో ఉండే ఆ ఫైలు ఉత్త డొల్ల. మీరు వేరేగా పైథాన్ ఇన్‌స్టాల్ చేసుకున్నా, పాత్ వరుసలో డొల్ల ముందుంటే అదే పలుకుతుంది. సెట్టింగ్స్‌లో యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాస్‌లు అన్న చోట దాన్ని ఆపేయవచ్చు.

విండోస్‌లో ఎన్ని పైథాన్లు ఉన్నాయో చూడటానికి కమాండ్ ప్రాంప్ట్‌లో ‘వేర్ పైథాన్’ అనండి. పవర్‌షెల్‌లో వేర్ అంటే వేరే అర్థం ఉంది, అక్కడ ‘వేర్.ఈఎక్స్ఈ పైథాన్’ అనాలి. పైథాన్ సైటు ఇన్‌స్టాలర్‌తో వచ్చే పీవై లాంచర్ ఉంటే ‘పీవై -0పి’ కొట్టండి. మధ్యలో ఉన్నది సున్నా. తనకు తెలిసిన పైథాన్లన్నిటినీ చిరునామాలతో సహా వరుసగా చూపిస్తుంది. విండోస్‌లో నేను మొదట కొట్టేది ఇదే.

ఉబుంటు, దానికి మూలమైన డెబియన్ అనే లినక్స్‌లలో కథ కొంచెం పెద్దది. అక్కడ పైథాన్ మీకోసం పెట్టినది కాదు, సిస్టమ్ తన పనుల కోసం పెట్టుకున్నది. సిస్టమ్ పనిముట్లు చాలా దాని మీద ఆధారపడి నడుస్తాయి. సిస్టమ్ సొంత ఇన్‌స్టాల్ పనిముట్టు ఆప్ట్ ద్వారా పైథాన్3-పాండాస్ ఇన్‌స్టాల్ చేస్తే ఇక్కడికి వెళ్తుంది:

/యూఎస్ఆర్/లిబ్/పైథాన్3/డిస్ట్-ప్యాకేజెస్

రెండు సంగతులు గమనించండి. ఒకటి, ఇది సైట్-ప్యాకేజెస్ కాదు, డిస్ట్-ప్యాకేజెస్. మీరు సోర్స్ నుంచి పైథాన్‌ను సొంతంగా బిల్డ్ చేస్తే అది /యూఎస్ఆర్/లోకల్ కింద సైట్-ప్యాకేజెస్ వాడుతుంది. సిస్టమ్ పైథాన్ లైబ్రరీలు, మీ పైథాన్ లైబ్రరీలు కలగలిసిపోకూడదని డెబియన్ వాళ్లు తమ ఫోల్డర్‌కు వేరే పేరు పెట్టుకున్నారు. రెండు, పైథాన్3 అనే ఉంది, 3.10 అనో 3.12 అనో లేదు. పైథాన్ 3 వెర్షన్లన్నిటికీ ఆప్ట్ ఒకే ఫోల్డర్ వాడుతుంది. ఉబుంటు 24.04తో వచ్చేది 3.12. దాని పక్కన ఉబుంటు కోసమే తయారైన మరో వెర్షన్‌ను బయటి రిపాజిటరీ నుంచి తెచ్చుకుంటే అదీ ఈ ఫోల్డర్‌నే చూస్తుంది. పాండాస్ ఆధారపడే నమ్‌పై లైబ్రరీ ఫోల్డర్ కనిపిస్తుంది కానీ అందులో సి భాషలో రాసిన భాగం 3.12 కోసం కంపైల్ అయినది, లోడ్ కాదు. ఉంది కానీ పని చేయదు అనే ఫిర్యాదుల్లో ఇదొక రకం.

సుడోతో, అంటే అడ్మినిస్ట్రేటర్ అధికారంతో, పిప్ వాడితే /యూఎస్ఆర్/లోకల్/లిబ్/పైథాన్3.10/డిస్ట్-ప్యాకేజెస్‌లోకి పోతుంది. సుడో లేకుండా వాడితే మీ హోమ్ ఫోల్డర్‌లో .లోకల్/లిబ్/పైథాన్3.10/సైట్-ప్యాకేజెస్‌లోకి. ఈ లెక్క ఉబుంటు 22.04 వరకే. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి ఈ రెండింటికీ తలుపు వేశారు. పిప్ ఇన్‌స్టాల్ అనగానే, ఈ ఎన్విరాన్‌మెంట్ నిర్వహణ బయటివారి చేతిలో ఉందని చెప్పి ఆగిపోతుంది. పెప్ 668 అనే పైథాన్ అధికారిక ప్రతిపాదన ప్రకారం చేసిన ఏర్పాటిది. సిస్టమ్‌ను పాడుచేసినా సరే అని అర్థం వచ్చే ఒక ఆప్షన్‌తో దాన్ని దాటవచ్చని పిప్పే చెబుతుంది. ఆప్షన్ పేరులోనే హెచ్చరిక ఉంది. ల్యాబ్ కంప్యూటర్ మీద ఆ పని చేయకండి, వెన్వ్ చేసుకోండి.

ఫెడోరా అనే మరో లినక్స్‌లో ఫోల్డర్ పేరు సైట్-ప్యాకేజెస్సే. అక్కడి తేడా అల్లా, అచ్చంగా పైథాన్‌లో రాసినవి లిబ్‌లోకి, సి భాగం ఉన్నవి లిబ్64లోకి వెళ్తాయి. ఒకచోట కనిపించకపోతే రెండోది చూడండి.

మ్యాక్‌లో మూడు దారులున్నాయి. పైథాన్ సైటు ఇన్‌స్టాలర్ అయితే /లైబ్రరీ/ఫ్రేమ్‌వర్క్స్/పైథాన్.ఫ్రేమ్‌వర్క్/వెర్షన్స్/3.12 కింద, లిబ్/పైథాన్3.12/సైట్-ప్యాకేజెస్. మ్యాక్‌లో ప్రోగ్రామ్‌లు వేసుకునే పనిముట్టు హోంబ్రూ ద్వారా అయితే ఆపిల్ సిలికాన్ మ్యాక్‌లలో /ఆప్ట్/హోంబ్రూ/లిబ్/పైథాన్3.12/సైట్-ప్యాకేజెస్, పాత ఇంటెల్ మ్యాక్‌లలో /యూఎస్ఆర్/లోకల్ కింద అదే వరుస. మూడోది ఆపిల్ ఇచ్చే ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్‌తో వచ్చే పైథాన్ 3.9. దాంతో పిప్ వాడితే మీ హోమ్‌లోని లైబ్రరీ/పైథాన్/3.9/లిబ్/పైథాన్/సైట్-ప్యాకేజెస్‌లోకి వెళ్తుంది. 2022లో 12.3 వెర్షన్‌తో ఆపిల్ పాత పైథాన్ 2.7ను తీసేసింది కాబట్టి కొత్త మ్యాక్‌లలో పైథాన్ అన్న ఆదేశమే ఉండకపోవచ్చు. పైథాన్3 అనాలి. ‘విచ్ -ఏ పైథాన్3’ అంటే మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ పాత్‌లో ఉన్నవన్నీ వరుసగా కనిపిస్తాయి.

వెన్వ్ ఉంటే ఈ గొడవలేవీ లేవు. దాన్ని ఏ ఫోల్డర్‌లో సృష్టించారో అందులోనే అన్నీ ఉంటాయి: విండోస్‌లో లిబ్\సైట్-ప్యాకేజెస్, తక్కిన వాటిలో లిబ్/పైథాన్3.12/సైట్-ప్యాకేజెస్. పైన పీవైవెన్వ్.సీఎఫ్‌జీ అనే చిన్న ఫైలు ఉంటుంది. ఈ వెన్వ్ ఏ పైథాన్ నుంచి పుట్టిందో, సిస్టమ్ లైబ్రరీలను చూడనిస్తుందో లేదో అందులో రాసి ఉంటుంది. యూవీ అనే కొత్త పనిముట్టుతో చేసిన వెన్వ్‌లో మాత్రం డిఫాల్ట్‌గా పిప్ ఉండదు. అది తెలియక ఉత్త ‘పిప్ ఇన్‌స్టాల్’ అంటే ఆ మాట బయట ఉన్న సిస్టమ్ పిప్‌కు పోతుంది, లైబ్రరీ ఎక్కడికో పోతుంది. అక్కడ ‘యూవీ పిప్ షో’, ‘యూవీ పిప్ ఇన్‌స్టాల్’ అని వాడాలి.

అనకొండ, దాని చిన్న రూపం మినీకొండలలో కొండ అనే ఆదేశం ఉంటుంది. ‘కొండ ఎన్వ్ లిస్ట్’ అంటే ఎన్విరాన్‌మెంట్లన్నీ చిరునామాలతో వస్తాయి. ఒక్కోదానిలో లైబ్రరీల చోటు వెన్వ్‌లో లాగానే ఉంటుంది. ‘కొండ లిస్ట్’ అంటే ఏది కొండతో వచ్చిందో, ఏది పిప్‌తో వచ్చిందో తెలుస్తుంది. పిప్‌వి చివరి గడిలో పైపీఐ అని చూపిస్తాయి. కొండ వాడేవారిని పట్టుకునే ఒక దొంగ ఉంది. ఇందాక చెప్పిన యూజర్ ఫోల్డర్ వెర్షన్ అంకెను మాత్రమే చూస్తుంది. సిస్టమ్‌లో 3.10, కొండలో 3.10 ఉంటే రెండూ హోమ్‌లోని ఒకే .లోకల్ ఫోల్డర్‌ను చదువుతాయి, పైగా కొండ సొంత ఫోల్డర్ కంటే ముందుగా. కొండలో కొత్త నమ్‌పై వేసినా పాత వెర్షనే పలికితే అనుమానించవలసింది దీన్నే. ‘పైథాన్ -ఎస్’ అని, చిన్న ఎస్‌తో, నడిపి చూడండి. అది యూజర్ ఫోల్డర్‌ను పక్కన పెడుతుంది. సమస్య మాయమైతే దొంగ దొరికినట్టే.

జూపిటర్ నోట్‌బుక్‌లో కోడ్ నడిపేది వెనక ఉండే కెర్నల్ అనే ప్రోగ్రామ్. మీరు నోట్‌బుక్‌ను తెరిచిన పైథాన్, కెర్నల్ పైథాన్ ఒకటే కానక్కరలేదు. టెర్మినల్‌లో ఎంత ఇన్‌స్టాల్ చేసినా నోట్‌బుక్‌కు అందకపోవడానికి ఇదే కారణం. సెల్‌లోనే సిస్.ఎగ్జిక్యూటబుల్ ప్రింట్ చేసి చూడండి. ఇన్‌స్టాల్ చేయడానికి ఆశ్చర్యార్థకంతో పిప్ అనకుండా, శాతం గుర్తుతో ‘%పిప్ ఇన్‌స్టాల్ పాండాస్’ అనండి. అది నడుస్తున్న కెర్నల్‌లోకే పంపుతుంది. తరవాత కెర్నల్‌ను రీస్టార్ట్ చేయండి. గూగుల్ కోల్యాబ్ నడిచేది ఉబుంటు మీద కాబట్టి అక్కడ మీకు కనిపించేది /యూఎస్ఆర్/లోకల్ కింది డిస్ట్-ప్యాకేజెస్. సెషన్ ముగిసి కొత్తది వస్తే మీరు వేసినవన్నీ పోతాయి, వెతకనక్కరలేదు. వీఎస్ కోడ్‌లో పైథాన్ ఫైలు తెరిచి ఉన్నప్పుడు కింది పట్టీలో వెర్షన్ అంకె కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ఏ ఇంటర్‌ప్రెటర్ కావాలో ఎంచుకోవచ్చు. మీ విండోస్ కేసులో నా అనుమానం దీని మీదే.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. సైట్-ప్యాకేజెస్‌ను విండోస్ నుంచి ఉబుంటుకు కాపీ చేస్తే పాండాస్ నడవదు. దాని లోపలి సి భాగాలు విండోస్‌లో .పీవైడీ ఫైళ్లు, లినక్స్‌లో .ఎస్ఓ ఫైళ్లు. ఒకే సిస్టమ్ అయినా పైథాన్ 3.10 కోసం కట్టినది 3.12లో లోడ్ కాదు. వెన్వ్ ఫోల్డర్‌ను కాపీ చేసినా కుదరదు, అందులో పాత చిరునామాలు పాతుకుపోయి ఉంటాయి. సరైన దారి ఇది: ఇంటర్నెట్ ఉన్నచోట, ల్యాబ్‌లో ఉన్నలాంటి సిస్టమ్, అదే పైథాన్ వెర్షన్ ఉన్న యంత్రం మీద ‘పైథాన్3 -ఎం పిప్ డౌన్‌లోడ్ పాండాస్ -డి సంచి’ అనండి. సంచి అన్నది మీరు పెట్టుకునే ఫోల్డర్ పేరు, ఏదైనా పెట్టుకోండి. పాండాస్, దానికి కావలసిన నమ్‌పై మొదలైనవన్నీ వీల్ ఫైళ్లుగా, అంటే ఇన్‌స్టాల్‌కు సిద్ధంగా ఉన్న కట్టలుగా, అందులోకి దిగుతాయి. ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ల్యాబ్‌కు వెళ్లి, వెన్వ్ చేసుకుని, దాన్ని యాక్టివేట్ చేసి:

పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ --నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్ సంచి పాండాస్

నెట్ జోలికి పోకుండా ఆ ఫోల్డర్ నుంచే తీసుకుంటుంది. ఉబుంటులో వెన్వ్ చేయబోతే ఎన్ష్యూర్‌పిప్ (వెన్వ్‌లో పిప్‌ను పెట్టే భాగం) లేదని ఆగిపోవచ్చు. అప్పుడు పైథాన్3-వెన్వ్ అనే ప్యాకేజీని ఆప్ట్ ద్వారా వేయాలి. దానికి సుడో కావాలి కాబట్టి ల్యాబ్ బాధ్యుల చేత ముందే వేయించుకోండి, పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్లాక కాదు.

ఇంత చేసినా దారికి రాకపోతే మూడు ఫలితాలు ఇక్కడ పెట్టండి: తప్పు వచ్చే చోటే నడిపిన సిస్.ఎగ్జిక్యూటబుల్, అక్కడి సిస్.పాత్, మీరు ఇన్‌స్టాల్ చేసిన టెర్మినల్‌లో ‘పిప్ --వెర్షన్’. స్క్రీన్‌షాట్ వద్దు, అక్షరాలుగా అతికించండి. చిరునామాల్లో మీ పేరు కనిపిస్తే చెరిపేయండి, తక్కినది ఉన్నదున్నట్టు ఉంచండి.